కంటిపాప చెప్పు కబురు

తెలుగు భాషలో పాప యను మాటకు రెండర్థములు కలవు. తల్లి యొడిలో ఆడుకొను బిడ్డ పాప. కంటి నడుమ నల్లగా మెరయు చుక్కయు పాపయే. లాటిను భాషలోను కంటిపాపకు పెట్టిన పేరునకు చిన్న బొమ్మ, చిన్న బాలిక యను అర్థమే యున్నది. ఎదుటివారి కంటిలోనికి దగ్గరగా చూచినప్పుడు మన రూపము అందులో చిన్న బొమ్మవలె కనిపించును గదా! ఒకరి నొకరు ఎరుగని రెండు భాషలవారికి ఒకే పోలిక తోచుట వింతయే. ఇంకను మాట రాని బిడ్డ మనస్సును ఆ బిడ్డ కంటిపాప ద్వారా తెలిసికొనవచ్చునా? ఈ ప్రశ్నను గురించి నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

విశాఖపట్టణములో సముద్రపు టొడ్డున జాలరిపేట యున్నది. నగరమునకు ఓడరేవు 1933లో వచ్చినది. ఉక్కు కర్మాగారము అటు తరువాతి మాట. ఈ రెండును రాకమునుపే ఈ తీరమున వల లారినవి. వేకువజామున పడవలు నీట దిగుటయు, ప్రొద్దెక్కిన పిదప స్త్రీలు వంజరము, చందువ, నెత్తళ్ళు గంపల కెత్తుకొని వీధులకు బయలుదేరుటయు ఇచ్చటివారి నిత్యజీవనము. జాలరి నీటి యడుగున నున్న చేపను కంటితో చూడడు. నీటి రంగు మారుటను, పక్షులు ఒకచోట గుమికూడుటను గమనించి, ఆ క్రింద గుంపున్నదని ఊహించును. పైకి కనిపించు గురుతును బట్టి లోపల కనిపింపని దానిని తెలిసికొనుట అతని విద్య. పసిబిడ్డ మనస్సును పరిశోధించువారి విద్యయు అటువంటిదే.

మేము మనస్తత్వశాస్త్రమును బోధించు వృత్తిలో నున్నవారము. కొంతకాలము క్రిందట జాలరిపేటలో మాకు పరిచయమున్న ఒక ఇంటికి పోయితిమి. వాకిట ఒక ముసలమ్మ నెత్తళ్ళు ఎండబోయుచుండెను. ఏడాదిన్నర వయసుగల ఆమె మనుమడు ఇసుకలో కూర్చుండి, వలకు కట్టు బెండ్లతో ఆడుకొనుచుండెను. మాటల నడుమ ఆమె నిట్టూర్చి, "ఈ గుంటడు పేరెట్టి పిలిస్తే పలకడు మాస్టారూ. ఏటి సెప్పినా ఇనడు. ఒట్టి మొద్దు గుంటడు" అన్నది. వాని తల్లి గుమ్మములో నిలుచుండి తల వంచుకొన్నది. ఆ మాట ఆమె వినుట అది మొదటిసారి కాదని మాకు తోచినది.

మేము ఒక గంపను ఇసుకపై బోరగిల వేసి, ఒక బెండును దాని వెనుకగా దొర్లించితిమి. బెండు గంప చాటునకు పోయి ఆవలి ప్రక్కన బయటికి వచ్చినది. మొదటిసారి బిడ్డ దానిని వెతకి చూచెను. రెండవసారి కొంత త్వరగా చూచెను. మూడవసారి బెండు ఇంకను చాటుననే యున్నది. బిడ్డ చూపు మాత్రము గంప ఆవలి యంచునకు ముందుగనే చేరి అచ్చట కాచుకొని యున్నది. కనిపింపని వస్తువు లేకుండ పోలేదనియు, అది ఫలానాచోట తిరిగి వచ్చుననియు ఆ కన్నులు చెప్పుచున్నవి. మొద్దు చేయు పని కాదది. అటుపిమ్మట మేము వాని వెనుకకు పోయి, ఒక ఇత్తడి చెంబును గరిటెతో గట్టిగా మ్రోగించితిమి. దూరమున పడుకొన్న కుక్క లేచినది. బిడ్డ తిరిగి చూడలేదు. ముసలమ్మ చేతిలోని చేట క్రిందికి జారినది.

ఈ కథ ముగింపును చివర చెప్పుదుము. అంతకు ముందు చూపునకును మనస్సునకును గల సంబంధ మెట్టిదో విచారింతము.

మన కంటికి ఎదుట నున్నదంతయు ఒకే తీరుగ స్పష్టముగా కనిపించుచున్నదని మన మనుకొందుము. అది భ్రమ. చేయి చాచి పట్టుకొన్న బొటనవ్రేలి గోరంత మేర మాత్రమే మనకు మిక్కిలి స్పష్టముగా కనిపించును. తక్కినదంతయు మసకయే. కాబట్టి దేనిని సరిగా చూడవలెనన్నను కన్ను దానివైపు తిరుగవలసినదే. కన్ను ఒకచోట సుమారు పావు సెకండు నిలుచును, మెరుపువలె మరియొక చోటికి గంతు వేయును, మరల నిలుచును. ఈ విధముగా సెకండునకు మూడుమారులైనను మన చూపు గంతులు వేయుచుండును. ఎచ్చట నిలిచినది, ఎంతసేపు నిలిచినది, ఎప్పుడు కదలినది యని లెక్కించినచో, మనస్సు దేనిని కోరినది, దేనిని విడిచినది యన్న విషయము చాలవరకు తెలియును.

ఇట్లు ఒకదానిని పట్టుకొని తక్కినదానిని విడుచుటనే మన శాస్త్రగ్రంథములలో అవధాన మనుచున్నారు. ఆ మాట తెలుగువారికి క్రొత్తది కాదు. అష్టావధాని ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ కూర్చుండి పద్యము నడపుచుండగా, అప్రస్తుత ప్రసంగము చేయువాడు అతని దృష్టిని మరల్చుటకు ప్రయత్నించును. వాని మాటకు చమత్కారముగా బదులు చెప్పి, మరల విడిచిన పాదము కడకే వచ్చుటలో అవధాని ప్రతిభ యున్నది. పసిబిడ్డయు ప్రతిదినము ఈ విద్యనే అభ్యసించుచున్నాడు. వాని చుట్టును పృచ్ఛకులు ఎనమండుగురు కాదు, ప్రపంచమంతయు పృచ్ఛకులే.

చూపును కొలుచు ప్రయత్నములు పందొమ్మిదవ శతాబ్దముననే ఆరంభమైనవి. 1870 దశకము చివర పారిస్ నగరములో ఎమీల్ జవాల్, ఆయన సహచరులు, చదువరి కన్ను పంక్తి వెంట నదివలె సాగదనియు, గంతులు వేయుచు ఆగి ఆగి పోవుననియు గమనించిరి. ఆ శతాబ్దము ముగియు కాలమున అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ యను పండితుడు కంటిపై ఒక చిన్న గిన్నెవంటి దానిని అమర్చి, దానికి సన్నని అల్యూమినియము ముల్లును తగిలించి, చదువునప్పటి కదలికలను గీతలుగా పట్టెను. కంటికి మొద్దుబారు మందు వేసిన గాని ఆ పని జరుగలేదు. 1901లో డాడ్జి, క్లైను అనువారు కంటిని తాకకుండనే, కంటి ముందుపొరపై ప్రతిఫలించు వెలుగును ఛాయాచిత్రముగా పట్టు ఉపాయమును కనుగొనిరి. ఈనాటి యంత్రములలో అనేకము ఆ ఉపాయమునకు సంతతియే.

ఇవి యన్నియు పెద్దలకు సంబంధించిన ప్రయోగములు. "ఈ చుక్కను చూడుము, కదలకుము" అనిన పెద్దలు విందురు. పసిబిడ్డకు అట్లు చెప్పుటెట్లు? ఈ చిక్కును అమెరికాలో రాబర్ట్ ఫాంట్జ్ అను శాస్త్రజ్ఞుడు సులువుగా విప్పెను. ఆయన ఒక చిన్న గదివంటి పెట్టెలో శిశువును వెల్లకిల పరుండబెట్టి, పైన రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన ఉంచి, నడుమ నున్న రంధ్రము గుండ శిశువు కన్నులను చూచెను. ఏ బొమ్మ నీడ కంటిపాప నడుమ కనిపించునో ఆ బొమ్మనే శిశువు చూచుచున్నట్లు లెక్క. అప్పుడే పుట్టిన బిడ్డకు లోకమంతయు అయోమయముగా నుండునని తలచు ఆ కాలమున, శిశువులు వట్టి రంగు బిళ్ళకంటె చారలను, గడులను, ముఖము బొమ్మను ఎక్కువసేపు చూతురని ఆయన 1961లో ప్రకటించెను. 1964లో మరియొక విషయము వెల్లడించెను. రెండు నెలలు దాటిన శిశువులకు ఒకే బొమ్మను మరల మరల చూపినచో విసుగు పుట్టును. ప్రక్కన క్రొత్త బొమ్మను పెట్టిన దానివైపు చూతురు. ఇది చిన్న సంగతివలె కనిపించును గాని, ఇందులో పెద్ద యర్థమున్నది. పాతదానిని పాతదని గుర్తింపవలెనన్న అది జ్ఞాపకమున నుండవలెను. అనగా మాట రాకమునుపే జ్ఞాపకశక్తి పనిచేయుచున్నదని చూపు సాక్ష్యము చెప్పినది.

ఈ కాలపు యంత్రమును గురించి రెండు మాటలు చెప్పుదుము. బిడ్డ తల్లి యొడిలోనే కూర్చుండును. ఎదుట ఒక తెర. తెర క్రింద మన కంటికి కనిపింపని పరారుణ కాంతిని ప్రసరించు చిన్న దీపములును, కెమెరాయు ఉండును. ఆ కాంతి కంటి ముందుపొరపై చిన్న మెరుపుగా నిలుచును. చూపు మారినప్పుడు కంటిపాప జరుగును గాని ఆ మెరుపు అంతగా జరుగదు. ఈ రెంటి నడుమ దూరమును, దిక్కును బట్టి చూపు తెరపై ఎచ్చట నున్నదో యంత్రము లెక్క కట్టును. సెకండునకు అరువది మారులు మొదలు కొన్ని వందల మారుల వరకు ఈ లెక్క జరుగును. పరీక్షకు ముందు తెర నాలుగు మూలల గిలక బొమ్మవంటి దానిని చూపి యంత్రమును బిడ్డ కంటికి సరిచేయుదురు. మన ఇండ్లలో ఇంకొక జాగ్రత్త కావలెను. కాటుక దట్టముగా తీర్చిన కంటిలో పాప యేదో, రెప్ప యంచు ఏదో తెలియక యంత్రము తికమకపడగలదు.

ఈ యంత్రముతో జరుపు ఒక పరీక్షను వినుడు. తెర నడుమ ఒక బొమ్మ కనిపించును. పిదప ప్రక్కన మరియొకటి కనిపించును. కొన్నిసార్లు నడిమి బొమ్మ ముందుగా మాయమగును. కొన్నిసార్లు అట్లే నిలిచి యుండును. నడిమి బొమ్మ నిలిచి యున్నప్పుడు దానిని విడిచి ప్రక్కకు చూచుట కష్టతరము. ఆ ఆలస్యమును కొలుతురు. ఒకటి రెండు నెలల శిశువు చూపు ఒక వస్తువునకు అతుకుకొని పోవును. తల్లులు దీనిని చూచియే యుందురు. బిడ్డ దీపము వంకనో, కిటికీ వంకనో చూచుచు చూపు తిప్పుకొనలేక చివరకు ఏడ్చును. అది మొండితనము కాదు. చూపును విడిపించుకొను నాడీమార్గములు ఇంకను పరిపక్వము కాలేదు. నాలుగు నెలలు నిండునప్పటికి ఈ నేర్పు చాలవరకు వచ్చును. ఏడాది నిండునప్పటికి మరియొక నేర్పు అలవడును. తల్లి ఎటు చూచిన బిడ్డయు అటు చూచును. చందమామను చూపుచు గోరుముద్దలు పెట్టు తల్లి తెలియకయే ఈ పాఠమును చెప్పుచున్నది. ఇద్దరును ఒకే వస్తువును చూచినప్పుడు తల్లి పలికిన పేరు ఆ వస్తువునకు అంటుకొనును. మాట నేర్చుటకు ఇదియే పునాది.

ఇటువంటి పరీక్షలు ధనవంతుల దేశములకు, గొప్ప ప్రయోగశాలలకు మాత్రమే తగినవని కొందరు తలపవచ్చును. ఆఫ్రికాలోని మలావి దేశపు పల్లెలలో తొమ్మిది నెలల శిశువులతో ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞులు ఈ పరీక్షలు జరిపి, పల్లెపట్టున ఇది సాధ్యమేననియు, తల్లులకు సమ్మతమేననియు 2017లో ప్రకటించిరి. గాంబియా దేశమున కెనెబా గ్రామములో శిశువులను పుట్టినది మొదలు రెండేండ్ల వరకు ఈ విధముగా పరిశీలించినారు. మన దేశమున, ఉత్తర ప్రదేశ్‌లోని శివగఢ్ ప్రాంతమున, నాలుగు నెలల శిశువులు మొదలు నాలుగేండ్ల బాలల వరకు రంగు గడులు మెరయు రెండు తెరలను చూపి, వారి చూపును, మెదడు పనిని కలిపి కొలిచిరి. ఒక తెరపై రంగులు మారుచుండును, రెండవదానిపై మారవు. మారినదానిని గుర్తింపవలెనన్న వెనుకటి రంగు మనస్సులో నిలువవలెను. తల్లికి చదువును, ఇంటికి రాబడియు తక్కువగా నున్నచోట బిడ్డల మెదడులో ఈ పనికి సంబంధించిన చురుకు తక్కువగా కనబడినదని 2019లో వెల్లడించిరి. పేదరికము పొట్టను మాత్రమే గాక, బిడ్డ దృష్టిని కూడ తాకునని దీని భావము.

తెలుగునాట హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఇంకొక మార్గమున ఈ సత్యమును వినియోగించిరి. అర్ధగోళాకారపు గొడుగువంటి దానిలో శిశువును పరుండబెట్టి, చీకటిలో ఒక్కొక్క దిక్కున చిన్న దీపములను వెలిగించుదురు. శిశువు కన్ను గాని, తల గాని అటు తిరిగినదా లేదా యని పరారుణ కెమెరా ద్వారా కనిపెట్టుదురు. దీనివలన శిశువునకు ఏ దిక్కున చూపున్నది, ఏ దిక్కున లేదు, తిరుగుటకు ఎంత ఆలస్యమైనది యను సంగతులు తెలియును. ఈ సాధనమును గురించి వారు 2017లో ప్రకటించిరి. మనస్సును గురించి ప్రశ్నించుటకు ముందు కన్ను సరిగా నున్నదా యని విచారించుట న్యాయము. ఆ సంస్థకు విశాఖపట్టణములోను శాఖ కలదు.

ఇంతవరకు యంత్రము మహిమను చెప్పితిమి. దాని హద్దులను చెప్పకున్న సత్యము సగమే యగును. 2013లో అమెరికాలో జోన్స్, క్లిన్ అను శాస్త్రజ్ఞులు, తరువాత ఆటిజమ్ నిర్ధారణయైన శిశువులలో, ఎదుటివారి కన్నులవంక చూచుట రెండవ నెల మొదలు ఆరవ నెల వరకు క్రమముగా తగ్గుచు వచ్చినదని కనుగొనిరి. ఇది గొప్ప విషయమే. కాని దీనిని విని ఏ తల్లియు తన బిడ్డ రెండు నిమిషములు ముఖము చూడలేదని గుండెలు బాదుకొనరాదు. అది ఎందరో శిశువులను నెలలు గడచుకొలది కొలిచి తేల్చిన సామాన్యధర్మము. ఒక్క బిడ్డపై ఒక్కనాడు చెప్పు తీర్పు కాదు. ఆకలిగొన్న బిడ్డ, నిద్రవచ్చుచున్న బిడ్డ, క్రొత్త ముఖమును చూచి బెదరిన బిడ్డ తన శక్తిని చూపడు. ప్యారిస్‌లో గీసిన బొమ్మను జాలరిపేట బిడ్డకు చూపి, వాడు చూడలేదని తెలివి తక్కువవాడనుట శాస్త్రము కాదు. పడవను, బెండును, కాకిని చూపి పరీక్షింపవలెను.

తల్లి యనుమతి సంగతియు కలదు. బిడ్డకు దిష్టి తగులునని బుగ్గపై నల్లచుక్క పెట్టు తల్లి కడకు పోయి, "నీ బిడ్డ కన్నులను మా యంత్రము గంటసేపు చూచును" అన్నచో ఆమె వెనుదీయుట సహజము. దానిని మూఢత్వమని నవ్వరాదు. ఏమి చూచుచున్నాము, ఎందుకు చూచుచున్నాము, చూచినదానిని ఎవరికి చెప్పుదుము అను మూడు ప్రశ్నలకు ఆమెకు అర్థమగు మాటలలో సమాధానము చెప్పవలెను. ఆమె వలదన్నచో విరమింపవలెను. చూచినవారు చూచి పోవుటయే గాక, కనబడిన లోపమునకు దారి చూపవలెను. లేనిచో ఆ తల్లి భయపడిన దిష్టి మనమే యగుదుము.

శ్రోతల ఇండ్లలో ఇట్టి యంత్రము లుండవు, ఉండనక్కర లేదు. మీ కన్నులే చాలును. రెండు మూడు నెలల బిడ్డ కదలుచున్న ముఖము వెంట చూపు త్రిప్పుచున్నాడా? ఏడాది బిడ్డ మీరు వ్రేలు చూపిన వైపు చూచుచున్నాడా? వెనుక నుండి పిలిచిన తిరుగుచున్నాడా? కంటిపాప నడుమ తెల్లగా కనిపించుచున్నదా? ఇందులో దేనియందైనను అనుమానము కలిగినచో ఏడాదులు కాచుకొనరాదు. 2013లో దేశమంతట ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పసిబిడ్డల చూపును, వినికిడిని, పెరుగుదలను పరీక్షించు ఏర్పాటున్నది. అంగన్వాడీ కార్యకర్తను అడిగిన ఆమె దారి చెప్పును. మరియొక మాట. బిడ్డ అన్నము తినుటకై చేతిలో సెల్ ఫోను పెట్టుట ఇప్పుడు ఇంటింటి ఆచారమైనది. ఏడాది నిండని బిడ్డకు ఏ తెరయు వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సలహా యిచ్చినది. తెర బిడ్డ చూపును పట్టుకొనును గాని, బిడ్డ చూపునకు బదులుగా తాను చూడదు. తల్లి ముఖము చూచును.

జాలరిపేట బిడ్డ కథ మిగిలియున్నది. మేము ఆనాడు ఆ ఇంటివారితో, "వీనికి తెలివి లేకపోవుట కాదు, మీ పిలుపు వానికి చేరుచున్నట్లు లేదు. చెవులను పరీక్ష చేయింపుడు" అని చెప్పితిమి. మా బెండు ఆట పరీక్ష కాదు, అనుమానమునకు ఒక దారి మాత్రమే యని కూడ చెప్పితిమి. తల్లి మరునాడే గంప దించి బిడ్డను తీసికొనిపోయినది. వినికిడి లోపమున్నదని వైద్యులు తేల్చిరి. చెవికి యంత్రము అమర్చిరి.

కొన్ని నెలల తరువాత ఆ వాకిటికి మరల పోయితిమి. బిడ్డకు ఇంకను మాటలు సరిగా రాలేదు; అందుకు కాలము పట్టును. ముసలమ్మ మమ్ము చూచి కూర్చుండుమని పీట వేసినది. ఆమె నోట మొద్దు అను మాట రాలేదు. వెనుక నుండి వాని పేరు పెట్టి పిలిచినది. ఇసుకలో నున్న బిడ్డ ఒక్క క్షణము ఆగి, తల త్రిప్పి, ఆమె ముఖమునే చూచెను. "సూసినారా మాస్టారూ" అని ఆమె అన్నది. చూచితిమి.